అడవి బోరివలిలో... పేర్లు అవ్వ దగ్గర

ఫిబ్రవరి చివరి వారం. ముంబైలోని మా పురపాలక తెలుగు బడి ఆరో తరగతి పిల్లలను తీసుకుని లోకల్ రైల్లో బోరివలిలో దిగాం. స్టేషన్ నుంచి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం గేటు నడిచి వెళ్లేంత దూరమే. లోపలికి అడుగుపెట్టి పది నిమిషాలైనా కాలేదు, ముందు నడుస్తున్న అమ్మాయి ఆగిపోయింది. ఎదురుగా ఒక్క ఆకూ లేని చెట్టు. కొమ్మల నిండా నిప్పుకణికల్లాంటి పూలు.

"సార్, ఇది పలస్" అంది.

నిజమే. మరాఠీలో దాన్ని పలస్ అంటారు. "మరి తెలుగులో?" అని అడిగాను. పాతికమందిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ చెట్టు ఫొటో పెట్టాను. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఫోను తీసుకెళ్లి ఇంట్లో అవ్వకు చూపించిందట. అవ్వది పాలమూరు పక్క పల్లె. "గిది మోదుగు గద బిడ్డా! మా ఊరి గుట్ట నిండ గివే చెట్లు. గీ ఆకులతోనే ఇస్తార్లు కుట్టేటోళ్లం. కాముని పున్నానికి పూలు ఉడకబెట్టి రంగు చేసేటోళ్లం" అని చెప్పిందట. మర్నాడు ఆ పిల్ల బడికి రాగానే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాసింది: పలస్ అంటే మోదుగు.

ఆ గీతను వారం రోజులు చెరపలేదు. మన పిల్లలకు పక్కనే అడవి ఉంది. ఆ అడవికి తెలుగులో పేర్లూ ఉన్నాయి. ఆ పేర్లు ఇంట్లో పెద్దవాళ్ల నోట్లో ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే పని బడిది. ఆ పని ఎలా చేయొచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

నగరం చుట్టుముట్టిన అడవి

బోరివలి పార్కు అని ముంబైవాసులు పిలుచుకునే ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 104 చదరపు కిలోమీటర్లు. కొంత ముంబై ఉపనగర జిల్లాలో, కొంత ఠాణే జిల్లాలో ఉంది. పడమట బోరివలి, కాందివలి, మలాడ్, గోరేగావ్. తూర్పున ములుండ్, భాండుప్. ఉత్తరాన ఘోడ్‌బందర్ రోడ్డు, దాని అవతల ఉప్పునీటి కయ్య, మడ చెట్లు. కోటి మందికి పైగా బతికే నగరం చుట్టూ పెరిగిపోయినా నడుమ ఈ కొండలు మిగిలాయి. సముద్ర మట్టానికి 30 మీటర్ల ఎత్తు నుంచి 480 మీటర్ల దాకా ఇక్కడి నేల లేస్తుంది.

ఈ కొండలు మిగలడానికి పెద్ద కారణం నీళ్లు. బొంబాయికి మొదటిసారి గొట్టాల ద్వారా తాగునీరు ఇచ్చిన విహార్ చెరువు 1860లో పూర్తయింది. 1879లో తులసి చెరువు కట్టారు. చెరువులోకి చేరే నీరు శుభ్రంగా ఉండాలంటే చుట్టూ ఉన్న కొండల మీద చెట్లు నిలవాలి. అలా నీటి కోసం కాపాడిన కొండలే తర్వాత జాతీయ ఉద్యానానికి గుండెకాయ అయ్యాయి. ఈ రెండు చెరువులూ నేటికీ ముంబైకి నీళ్లిస్తున్నాయి. దహిసర్ నది పుట్టింది ఇక్కడే. విహార్ పొంగి పొర్లిన నీళ్లు మీఠీ నదిలోకి పోతాయి.

పిల్లలను "మీ ఇంటి కుళాయి నీళ్లు ఎక్కడివి?" అని అడిగితే "మున్సిపాలిటీవి" అంటారు. ఆ జవాబును కొండ దాకా తీసుకెళ్లడమే మొదటి పాఠం.

నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎదురుచూపు

ఇక్కడి వాతావరణాన్ని ఒక్క మాటలో చెప్పమంటే, వాన అంతా ఒకేసారి వచ్చి పోతుంది. జూన్ రెండో వారం ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు తాకుతాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెనక్కి తగ్గుతాయి. ఏడాది వానలో దాదాపు అంతా ఈ నాలుగు నెలల్లోనే కురుస్తుంది. అక్టోబరు నడిమి నుంచి మే దాకా చినుకు పడితే విశేషమే.

పిల్లలకు లెక్క చూపిస్తే బాగా ఎక్కుతుంది. హైదరాబాదులో ఏడాది పొడవునా కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. ముంబైలో 2,000 మిల్లీమీటర్లు దాటుతుంది. 2005 జులై 26న ఒక్క రోజులో శాంతాక్రూజ్ వాతావరణ కేంద్రంలో 944 మిల్లీమీటర్ల వాన నమోదైంది. హైదరాబాదులో ఏడాదికి కురిసేదానికంటే ఎక్కువ వాన ఇరవై నాలుగు గంటల్లో పడిందన్నమాట. ఆ రోజు మీఠీ నది ఒడ్డున ఉన్న బస్తీలు మునిగాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరైనా ఆ రాత్రి రైల్వే పట్టాల మీద నడిచి ఇల్లు చేరి ఉంటారు. వాళ్ల చేత ఆ సంగతి పిల్లలకు చెప్పించండి. వాతావరణం పాఠానికి అంతకంటే మంచి ముందుమాట దొరకదు.

ఇక్కడ తెలివైన పిల్ల ఒక ప్రశ్న వేస్తుంది. పాలమూరు కంటే ఇన్ని రెట్లు వాన పడే చోట అవ్వ ఊరి మోదుగు చెట్టు ఎందుకుంది? జవాబు వాన పడని నెలల్లో ఉంది. చెట్టుకు ఎంత వాన పడిందన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని నెలలు పడలేదన్నది కూడా అంతే ముఖ్యం. ఎనిమిది నెలల ఎండకు తట్టుకోగలిగిన చెట్టే ఇక్కడ నిలుస్తుంది. తెలంగాణ గుట్టల మీదా అదే పరీక్ష. అందుకే రెండు చోట్లా చాలా చెట్లు ఒక్కటే.

ఈ అడవిని ఆకురాల్చే తేమ అడవి అంటారు. వేసవి దగ్గర పడేకొద్దీ చెట్టు వేళ్లకు అందే నీరు తగ్గుతుంది. ఆకుల నుంచి మాత్రం నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చెట్టు ఆకులు రాల్చేస్తుంది. రాబడి లేని నెలల్లో మన ఇళ్లలో చేసే పనే అది. మోదుగు, బూరుగ లాంటివి ఆకులు లేని ఆ సమయంలోనే పూస్తాయి. అడ్డు లేకపోవడంతో పూలు పిట్టలకు దూరం నుంచే కనిపిస్తాయి. గింజలు ముదిరి గాలికి ఎగిరేసరికి వానలు దగ్గరపడతాయి. పడిన గింజకు వెంటనే తడి దొరుకుతుంది.

రాయి కూడా ఈ కథలో భాగమే. ఈ కొండలు ఆరు కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో అగ్నిపర్వతాల లావా గడ్డకట్టగా ఏర్పడినవి. దక్కను పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పిన ఆ లావా రాయే మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి నేలల కింద కూడా ఉంది. రాతి మీద మట్టి పలచగా ఉన్న చోట వాన నీరు నిలవకుండా జారిపోతుంది. కాబట్టి అంత వాన పడ్డా మార్చి నాటికి వాలు మీద నేల ఎండిపోతుంది.

శాతవాహనుల నాటి నీటితొట్లు

గేటు నుంచి సుమారు ఆరు కిలోమీటర్ల లోపల కాన్హేరి గుహలు ఉన్నాయి. ఈ పేరు కృష్ణగిరి, అంటే నల్లకొండ అన్న మాట నుంచి వచ్చింది. ఒకే కొండలో వందకు పైగా గుహలు తొలిచారు. క్రీస్తుకు పూర్వం మొదలై సుమారు వెయ్యేళ్ల పాటు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉన్నారు. చరిత్ర పాఠంలో మన పిల్లలు చదువుకునే శాతవాహనుల శాసనాలు ఇక్కడి గోడల మీద ఉన్నాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు పెద్ద చైత్యం దగ్గర ఉంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణిని ప్రస్తావించే మరో బ్రాహ్మీ శాసనం, సతేరకుడు అనే మంత్రి నీటితొట్టిని దానం చేశాడని చెబుతుంది.

రాజుల కాలంలో దానాలు చాలా రకాలు. ఇక్కడ నీటితొట్టి ఎందుకు? ఆ ప్రశ్నను పిల్లలకే వదిలిపెట్టాను. గుహల మధ్య తిరుగుతూ వాళ్లే కనిపెట్టారు. రాతి మీద సన్నటి కాలువలు తవ్వారు. కొండ మీద పడ్డ వాన ఆ కాలువల వెంట జారి గుహల ముందు తొలిచిన తొట్లలోకి చేరుతుంది. నాలుగు నెలల నీళ్లు ఎనిమిది నెలలకు దాచుకోవాలి. అడవిలో చెట్టుకు ఉన్న ఇబ్బందే కొండ మీద భిక్షువుకూ ఉంది. చెట్టు ఆకు రాల్చింది, మనిషి తొట్టి తొలిచాడు. భూగోళం, జీవశాస్త్రం, చరిత్ర మూడు పుస్తకాల్లో వేర్వేరుగా ఉన్నవి ఆ తొట్టి దగ్గర ఒక్కటయ్యాయి.

ఒక చెట్టు, రెండు పేర్లు

ఈ ఉద్యానంలో వెయ్యికి పైగా మొక్కల జాతులున్నాయి. అన్నీ నేర్చుకోవాల్సిన పని లేదు. మా పిల్లలు మొదటి ఏడాది పది చెట్లతో మొదలుపెట్టారు. మరాఠీ పేరు వాళ్లకు బయట దొరుకుతుంది, తెలుగు పేరు ఇంట్లో వెతుక్కోవాలి.

పలస్ సంగతి చెప్పుకున్నాం, మోదుగు. కాటేసావర్ అంటే బూరుగ. లేత చెట్టు మాను నిండా ముళ్లు, జనవరి నుంచి మార్చి మధ్య దళసరి ఎర్ర పూలు, తేనె కోసం వాలే రకరకాల పిట్టలు. సాగ్ అంటే టేకు. లేత ఆకును వేళ్ల మధ్య నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది. రాలిపడిన ఆకుతోనే చూడాలి, కొమ్మ తుంచకూడదు. ఐన్ అంటే నల్లమద్ది. దాని బెరడు మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. మాను లోపల నీరు నిల్వ చేసుకునే చెట్టు అది. బహావా అంటే రేల. ఏప్రిల్, మేలలో పసుపు పూలగుత్తులు వేలాడతాయి. మోహ్ అంటే ఇప్ప. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉంటే ఇప్పపూల గురించి ఒక పూట పాఠం వాళ్లే చెప్పగలరు. జాంభూళ్ అంటే నేరేడు. ఉంబర్ అంటే మేడి. కరంజ్ అంటే కానుగ. బేల్ అంటే మారేడు.

పదకొండోది పిల్లలే కలిపారు. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి, తెల్లటి నున్నని మానుతో నిలబడే చెట్టు. వెన్నెల్లో మెరిసిపోతుందని దాన్ని దయ్యం చెట్టు అని కూడా అంటారు. ఒక తాత దాని పేరు తపసి అని చెప్పాడు. దాని జిగురు అమ్ముకుని వాళ్ల ఊళ్లో కొందరు బతికేవాళ్లట. తపస్సు చేసేవాడిలా అన్నీ వదిలి నిలబడ్డట్టు ఉందని ఒక పిల్లాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ వాక్యం పాఠ్యపుస్తకంలో లేదు. పేరు తెలుగులో తెలిసింది కాబట్టి వాడికి ఆ ఆలోచన వచ్చింది.

బతుకమ్మ పేర్చే ఇళ్లవాళ్లకు ఇంకో ఆనవాలు ఉంది. వానాకాలం చివర గట్ల మీద తెల్లగా, గులాబీగా కంకుల్లా నిలబడే గునుగు పువ్వును మరాఠీలో కుర్డు అంటారు. అయితే ఉద్యానం లోపల పువ్వు కోయడం, ఆకు తెంపడం నేరం. అక్కడ చూడడమే, ఇంటికి తేవడం ఉండదు.

ఎనిమిదేళ్లకోసారి పూసే కార్వి

ఈ అడవి అడుగున మనిషెత్తు పొదలుగా పెరిగే మొక్క ఒకటుంది. మరాఠీలో కార్వి. పడమటి కనుమల మొక్క కాబట్టి దీనికి మన ఊళ్లలో వాడుక పేరు లేదు, కార్వి అనే పిలుద్దాం. ఇది ఏడేళ్లు ఆకులతోనే గడిపి, ఎనిమిదో ఏట గుంపు గుంపంతా ఒక్కసారే ఊదా రంగు పూలతో నిండిపోతుంది. గింజలు రాల్చి ఎండిపోతుంది. తర్వాతి వానకు కొత్త మొలకలు మళ్లీ లెక్క మొదలుపెడతాయి. ఈ ఉద్యానంలో 2008లో, మళ్లీ 2016లో కార్వి విరగబూసింది.

అందరూ ఒకేసారి పూయడంలో లాభం ఉంది. గింజలు తినే పురుగులు, పిట్టలు, ఎలుకలు ఎంత తిన్నా కోట్ల గింజల్లో కొన్ని మిగులుతాయి. ఏటా కొద్దికొద్దిగా పూస్తే అన్నీ వాటి కడుపులోకే పోయేవి.

ఈ లెక్క బడిపిల్లలకు దగ్గరగా ఉంటుంది. ఒకటో తరగతిలో కార్వి పూత చూసిన పిల్ల మళ్లీ చూసేది తొమ్మిదో తరగతిలో. మూడో తరగతిలో తప్పిపోతే బడి వదిలే దాకా చూడలేదు. ఉద్యానం లోపలి పాడాల్లో ఉండే వార్లీ ఆదివాసులు తరతరాలుగా కార్వి కర్రలను అల్లి, మట్టీ పేడా మెత్తి ఇంటి గోడలు కట్టుకున్నారు. మన పల్లెల్లో తడికల గోడలు చూసినవాళ్లకు ఆ పనితనం వెంటనే అర్థమవుతుంది.

కొమ్మ మీద కొండముచ్చు, కింద దుప్పి

జంతువుల సంగతికి వస్తే, పిల్లలకు మొదట కనిపించేవి చుక్కల దుప్పులు, కోతులు, కొండముచ్చులు. కొండముచ్చులు మేస్తున్న చెట్టు కింద దుప్పులు తిరుగుతుంటాయి. పైనుంచి రాలిన ఆకులు, కాయలు వాటికి మేత. పులిజాతి జంతువు కనిపిస్తే ఎత్తున ఉన్న కొండముచ్చు కేక పెడుతుంది, వాసన తగిలితే దుప్పి కూస్తుంది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు రెండో వాళ్లను కూడా కాపాడినట్టే.

సాంబర్ అని పిలిచే కణుజు, అడవిపంది, ముళ్లపంది, కుందేలు, కుక్కలా మొరిగే చిన్న జింక, మానుపిల్లి ఉన్నాయి. ఇవి ఎక్కువగా చీకట్లో తిరుగుతాయి. తులసి, విహార్ చెరువుల్లో మొసళ్లున్నాయి. పిట్టలు రెండు వందల యాభైకి పైగా రకాలు. సీతాకోకచిలుకలు నూట యాభైకి పైనే. నల్లటి రెక్కల మీద నీలం అద్దినట్టుండే బ్లూ మోర్మన్‌ను 2015లో మహారాష్ట్ర రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించారు. దాని గొంగళిపురుగు నిమ్మజాతి మొక్కల ఆకులు తింటుంది. బడి ఆవరణలో కుండీలో ఒక నిమ్మమొక్క పెడితే ఆ కుటుంబపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడానికి రావచ్చు.

వానాకాలంలో అట్లాస్ చిమ్మట కనిపిస్తుంది. రెక్కలు చాచితే జానెడుకు పైగా ఉంటుంది. రెక్కల పురుగుగా మారాక అది ఏమీ తినదు, తినే నోరే దానికి లేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న శక్తితోనే వారం, పది రోజులు బతికి గుడ్లు పెట్టి పోతుంది.

చిరుత: భయం కాదు, జాగ్రత్త

తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది. ఉద్యానం, దాని పక్కనున్న ఆరే ప్రాంతం కలిపి కెమెరాలతో లెక్కించినప్పుడు 2015లో 35 చిరుతలు, 2018లో 47 చిరుతలు నమోదయ్యాయి. ప్రపంచంలో చిరుతలు ఇంత చిక్కగా ఉన్న చోట్లు చాలా తక్కువ. మరాఠీలో బిబట్యా అనే ఈ జంతువు రాత్రిపూట బస్తీల అంచుల దాకా వస్తుంది. పార్కు గోడను ఆనుకున్న బస్తీల్లో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. మా తరగతిలోనే నలుగురు పిల్లలు అక్కడి నుంచి వస్తారు.

చిరుత బస్తీకి వచ్చేది మనిషి కోసం కాదు, కుక్క కోసం. ఇక్కడి చిరుతల ఆహారంలో వీధికుక్కల వాటా గణనీయమని పరిశోధనల్లో తేలింది. కుక్కలు వచ్చేది చెత్తకుప్ప కోసం. కాబట్టి చిరుతను దూరంగా ఉంచే మొదటి పని చెత్త తీయించడం.

ఈ శతాబ్దం తొలి ఏళ్లలో, ముఖ్యంగా 2004లో ఇక్కడ చిరుత దాడుల్లో పలువురు చనిపోయారు. వేరే చోట్ల పట్టుకున్న చిరుతలను తెచ్చి ఇలాంటి అడవుల్లో వదలడం వల్ల దాడులు పెరుగుతాయని వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ పరిశోధనలు చూపించాయి. కొత్త చోట దిక్కుతోచని చిరుత మనుషుల మధ్యకు వస్తుంది. పట్టుకెళ్లిన చిరుత ఖాళీ చేసిన చోటుకు ఇంకోటి చేరుతుంది. 2011లో అటవీశాఖ, శాస్త్రవేత్తలు, స్థానికులు కలిసి 'ముంబైకర్స్ ఫర్ ఎస్‌జీఎన్‌పీ' పేరుతో బస్తీల్లో అవగాహన మొదలుపెట్టారు. వార్లీలకు మాత్రం ఈ సహవాసం కొత్త కాదు. వాఘోబాను వాళ్లు దేవుడిగా కొలుస్తారు, అడవి అంచున చిన్న గుళ్లు కట్టుకున్నారు.

ఇంట్లో, బడిలో పిల్లలకు చెప్పాల్సినవి ఇవి:

చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా బయటికి పంపవద్దు. మరుగుదొడ్డికి కూడా పెద్దవాళ్లు తోడు వెళ్లాలి. చిన్నపిల్లలు పొట్టిగా ఉంటారు, కూర్చున్న మనిషి ఇంకా చిన్నగా కనిపిస్తాడు. చిరుత పొరపడేది అక్కడే.

రాత్రి దారిలో గట్టిగా మాట్లాడుకుంటూ, లేదా ఫోనులో పాట పెట్టుకుని, టార్చి వేసుకుని నడవాలి. మనిషి వస్తున్నాడని తెలిస్తే చిరుతే తప్పుకుంటుంది.

ఎదురుపడితే పరుగెత్తకూడదు, వంగకూడదు. నిటారుగా నిలబడి మెల్లగా వెనక్కి జరగాలి. దానికి పోయే దారి వదలాలి. గుంపుగా చుట్టుముట్టి ఫొటోలు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

మహారాష్ట్ర అటవీశాఖ సహాయ నంబరు 1926. ఈ నంబరు ప్రతి పిల్లకూ నోటికి రావాలి.

మా బడిలో ఈ మాటలను పిల్లలే తెలుగులో పోస్టరుగా రాశారు. ఆ నలుగురు పిల్లలు దాన్ని తమ బస్తీలో అతికించారు. మరాఠీ, హిందీ పోస్టర్లు అక్కడ ముందే ఉన్నాయి. కానీ ఊరి నుంచి కూలికి వచ్చి నాలుగు నెలలే అయిన ఒక తల్లి, మా పోస్టరు చదివి కొడుకును రాత్రి ఒంటరిగా పంపడం మానేసిందని పిల్లలు చెప్పారు. తెలుగు రాయడం, చదవడం ఎందుకని అడిగేవారికి నేను చెప్పగల జవాబుల్లో ఇది ఒకటి.

టీచర్లకు చిన్న ప్రణాళిక

ఏడాదికి ఒక్క విహారయాత్ర చేసి వదిలేస్తే పిల్లలకు మిగిలేది చిప్స్ ప్యాకెట్టు జ్ఞాపకమే. అదే చెట్టును మూడుసార్లు చూస్తే పాఠం అవుతుంది. బడి తెరిచిన తర్వాత జులైలో ఒకసారి, వాన నీరు ఎటు పోతుందో చూడడానికి. అక్టోబరులో ఒకసారి, గడ్డి, పూలు, సీతాకోకచిలుకల కోసం. ఫిబ్రవరిలో ఒకసారి, ఆకులు రాల్చిన చెట్లు, మోదుగు, బూరుగ పూల కోసం. సోమవారం ఉద్యానానికి సెలవు. ముందుగా కార్యాలయంలో అడిగితే ప్రకృతి సమాచార కేంద్రం వాళ్లు నడకదారులు చూపిస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. కోతులకు తిండి పెట్టకూడదు.

నోటుబుక్కులో నాలుగు గడులు చాలు: మరాఠీ పేరు, తెలుగు పేరు, ఆ పేరు ఎవరు చెప్పారు, వాళ్ల ఊళ్లో దాన్ని దేనికి వాడేవారు. మూడో గడి ముఖ్యం. అక్కడ అవ్వ పేరో, మేనమామ పేరో పడితే ఆ ఇంట్లో అందరూ నోటుబుక్కు తెరిచి చూస్తారు. ఒకే చెట్టుకు రెండు తెలుగు పేర్లు వస్తే రెండూ రాయించండి. ఒక జిల్లా మాట ఒప్పు, ఇంకో జిల్లా మాట తప్పు అని కొట్టేయవద్దు.

తెలుగు పేరు దొరకని మొక్కలూ ఉంటాయి. వాటికి అక్కడి పేరే రాసుకోవాలి. ఊరికే ఒక మాట కల్పించి రాయిస్తే పిల్లలు ఆ మాటను ఎక్కడా మళ్లీ వినరు.

మీ ఊళ్లో ఏ అడవి?

ఈ పేజీ చదివేవారందరూ ముంబైలో లేరు. చెన్నైలో నగరం మధ్యలోనే గిండీ జాతీయ ఉద్యానం ఉంది. మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ చోట కృష్ణజింకలు తిరుగుతాయి. బెంగళూరు, హోసూరు వైపు వారికి బన్నేరుఘట్ట దగ్గర, అక్కడ ఏనుగుల దారులున్నాయి. యానాం పిల్లలకు గోదావరి పాయ పక్కనే కోరింగ మడ అడవి, అందులో చేపలు పట్టి తినే బావురుపిల్లి. ఒడిశాలో కొండ అంచున ఉన్న తెలుగు బడులకు అడవి బడి వెనకే మొదలవుతుంది. పలస్ అన్న మాట బదులు అక్కడ కన్నడ మాటో, తమిళ మాటో, ఒడియా మాటో ఉంటుంది. నోటుబుక్కులో మొదటి గడి మారుతుంది, మిగతా మూడూ అవే.

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి అడిగాడు: "ఈ తెలుగుతోని బొంబాయిల ఏం జేస్తడు సారూ? ఏడో తరగతికి ఇంగ్లిషు బడిల ఏద్దామనుకుంటున్న." ఆయన ఆందోళనలో తప్పేమీ లేదు. ప్రతి ఏటా ఇలా కొందరు వెళ్తున్నారు, మా తరగతి గదుల్లో బెంచీలు ఖాళీ అవుతున్నాయి. నేను వాదించలేదు. ఆయన కొడుకు నోటుబుక్కు తీసి చేతిలో పెట్టాను. ఐన్ అన్న చోట తెలుగు పేరు గడి ఖాళీగా ఉంది. బెరడు బొమ్మ మాత్రం పిల్లాడు చక్కగా వేశాడు.

ఆయన కాసేపు ఆ బొమ్మను చూశాడు. "నల్లమద్ది కదా ఇది. మా నాయిన నాగళ్లకు దీని కట్టెనే కొట్టుకొచ్చేటోడు" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి ఆ గడిలో పేరు రాశాడు. మూడో గడిలో ఏం రాయాలని అడిగాడు.

"మీ పేరు" అన్నాను.